తడిగుడ్డకు ఓర్చే నేల

బెంగళూరులో కొత్త ఫ్లాటు తాళాలు చేతికందినవాళ్లు, పాత ఇంటికి మెరుగులు దిద్దుకుందామనుకునేవాళ్లు ఏదో ఒకరోజు ఫ్లోరింగ్ దుకాణం మెట్లెక్కుతారు. అక్కడ బల్లమీద రెండు పలకలు పక్కపక్కన పెడతారు. రెండిటి మీదా టేకు రంగే, రెండిటి మీదా చెక్క చారలే, అక్కడక్కడ ముడులు కూడా. ఒకటి లామినేట్, రెండోది వినైల్. ఏది మంచిదని అడిగితే దుకాణంలో ఏది ఎక్కువ నిల్వ ఉందో అదే మంచిదన్న జవాబు రావచ్చు. ఇరుగుపొరుగును అడిగితే ఎవరు వేయించుకున్నది వారికి గొప్ప. ఈ పూట ఆ ప్రశ్నకు నా జవాబు చెబుతాను, ఆ జవాబుకు ఎలా వచ్చానో కూడా చెబుతాను. నా లెక్కలో ఈ రెండిటి మధ్య తీర్పు చెప్పవలసింది నీళ్లు. మన ఇంట్లో నేల మీదికి నీళ్లు ఎన్ని దారుల్లో వస్తాయో, ఎంతసేపు నిలుస్తాయో, వాటిని ఎవరు ఎలా తుడుస్తారో ముందు చూసుకుంటే రంగూ ధరా తర్వాత చూసుకోవచ్చు.

ముందుగా ఒక భ్రమ తొలగించుకుందాం. ఈ రెండూ చెక్కలు కావు, చెక్కకు తీసిన బొమ్మలు. లామినేట్ మీద కనిపించే టేకు అచ్చు వేసిన కాగితం. వినైల్ మీద కనిపించే టేకు అచ్చు వేసిన ప్లాస్టిక్ పొర. లామినేట్ నేల స్వీడన్ దేశపు సృష్టి. అక్కడి పెర్‌స్టార్ప్ కంపెనీ 1977లో దీన్ని రూపొందించి, 1984లో పెర్గో పేరుతో యూరప్ బజారుకు తెచ్చింది. వంటింటి బల్లల మీద అతికించే లామినేట్ షీట్లు చేసిన అనుభవాన్నే నేలకు దించింది. ఆ పలకను అడ్డంగా కోస్తే నాలుగు పొరలు కనిపిస్తాయి. అడుగున తేమను కొంత అడ్డుకునే పొర, దానిమీద చెక్క పీచును జిగురుతో కలిపి వేడిమీద గట్టిగా నొక్కి చేసిన హెచ్‌డీఎఫ్ అట్ట, ఆపైన బొమ్మ కాగితం, అన్నిటికీ పైన అల్యూమినియం ఆక్సైడ్ కలిపిన మెలమైన్ పూత. వినైల్ పుట్టుక వేరు. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ అనే రసాయన శాస్త్రవేత్త పీవీసీ అనే ప్లాస్టిక్‌ను మెత్తబరిచే పద్ధతి కనిపెట్టాడు. 1933 నాటి షికాగో ప్రదర్శనలో జనం వినైల్ పలకలను చూశారు. ఇవాళ అది మూడు రూపాల్లో దొరుకుతోంది. చాపలా చుట్టి అమ్మే షీటు ఒకటి, జిగురుతో అతికించే పలచని పలక ఒకటి, అంచులు ఒకదానిలో ఒకటి బిగించుకునే గట్టి పలక ఒకటి. సున్నపురాయి పొడిని పీవీసీతో కలిపి చేసిన ఈ మూడోదాన్ని బజారులో ఎస్‌పీసీ అంటారు. లామినేట్‌కు పోటీగా నేను నిలబెడుతున్నది ఈ మూడోదాన్నే.

పైకి కవలపిల్లల్లా ఉన్న ఈ రెండిటి తేడా కడుపులో ఉంది. ఒకదాని కడుపులో చెక్క పీచు, ఇంకోదాని కడుపులో రాతిపొడి, ప్లాస్టిక్. చెక్కను నరికి పీచు చేసి నొక్కినా చెక్క గుణం మానదు. గాలిలో తేమ పెరిగితే పీల్చుకుని ఉబ్బుతుంది, తగ్గితే వదిలి కుంచించుకుపోతుంది. చెక్క గుణగణాలనే పరిశోధించే ఐడబ్ల్యూఎస్‌టీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈ ఊళ్లోనే మల్లేశ్వరం 18వ క్రాస్‌లో ఉంది. చెక్కకూ తేమకూ ఉన్న సంబంధం ఎంత పెద్ద విషయమో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు. లామినేట్ పరిచేటప్పుడు గోడ వెంబడి 8 నుంచి 10 మిల్లీమీటర్ల సందు వదలమనేది ఈ ఉబ్బుకు చోటివ్వడానికే. గాలి తేమకు వచ్చే ఉబ్బు తగ్గుతుంది, దానితో పేచీ లేదు. నీళ్లు కలిసినప్పుడే చిక్కు. ఆ అట్టను తయారుచేసేటప్పుడు పీచును బలవంతంగా అణిచి నొక్కారు. అంచుల్లోంచి నీళ్లు లోపలికి దిగితే ఆ పీచు ఒత్తిడి వదిలించుకుని లేస్తుంది. తర్వాత ఎంత ఎండినా మళ్లీ అణగదు. పలకల అతుకుల దగ్గర నేల గట్టులా లేవడం, కాలికి తగలడం, పైపూత అంచున రేగడం అన్నీ దాని ఫలితాలే. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఇలాంటి వస్తువులకు అతికినట్టు సరిపోతుంది. రాతిపొడి, ప్లాస్టిక్ కలిసిన పలకకు నీళ్లతో ఈ పేచీ లేదు.

ఇక మన ఇళ్లలోకి నీళ్లు వచ్చే దారులు చూద్దాం. మొదటిది బకెట్టు. స్వీడన్‌లాంటి చలిదేశాల్లో మూసిన తలుపుల వెనక, వేడి పెట్టుకున్న గదుల్లో నేల దుమ్మును ఎక్కువగా వాక్యూమ్ క్లీనర్ లాగేస్తుంది. లామినేట్ ఆ అలవాటు కోసం పుట్టిన వస్తువు. మన దగ్గర ఊడ్చిన తర్వాత తడిగుడ్డ పెట్టకపోతే ఇల్లు శుభ్రమైనట్టు కాదు. పండగైతే పసుపునీళ్లు, గడప దగ్గర ముగ్గు, పూజగదిలో అభిషేకం చేసిన నీళ్లు అదనం. లామినేట్ కంపెనీలు చెప్పే మాట ఒక్కటే: గుడ్డను బాగా పిండి, చెమ్మగా మాత్రమే తుడవండి, నీళ్లు నిలవనివ్వకండి. ఈ నియమాన్ని పాటించవలసింది ఎవరు? బెంగళూరు అపార్ట్‌మెంట్లలో చాలావరకు పొద్దున్నే నాలుగైదు ఇళ్లలో పనిచేసే ఆవిడ. ఆవిడకు ఒక్కో ఇంటికి దొరికే సమయం తక్కువ. గుడ్డ ముంచి, ఒక్క పిండు పిండి, గది చుట్టేస్తుంది. అది ఆవిడ తప్పు కాదు. రాయి, టైలు నేలల మీద ఆ పద్ధతే సరైనది. ఒక వస్తువు బతకాలంటే ఇంటి అలవాటూ, పనిచేసే మనిషి చెయ్యీ మారాలి అంటే ఆ వస్తువు ఆ ఇంటికి నప్పలేదని అర్థం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. బెంగళూరులో ఒలకబోసుకోవడానికి నీళ్లెక్కడివి అంటారు. నిజమే. 2024 మార్చిలో బోర్లు ఎండి, ట్యాంకర్ల కోసం జనం ఎదురుచూస్తున్న రోజుల్లో ఇక్కడి జలమండలి తాగే నీటితో కార్లు కడగడం, తోటలు తడపడం నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. అలాంటి ఊళ్లో నేలమీద నీళ్లు పారబోసేవాళ్లు తక్కువే. అయితే లామినేట్‌ను చంపేది ఒక్కసారి ఒలికిన బిందె కాదు, రోజూ అతుకుల్లో దిగే నాలుగు చుక్కలు. వాటికి తోడు నీళ్లు శుద్ధిచేసే యంత్రం కింద కారే బొట్టు, ఫ్రిజ్ వెనక తడి, స్నానాలగది గడప దాటిన తడికాళ్లు. ఎంత కరువులోనూ ఈ చుక్కలు ఆగవు. పైగా కంటికి కనిపించిన నీళ్లను ఎవరైనా తుడుస్తారు. కనిపించనివే పని కానిస్తాయి.

రెండో దారి కిందినుంచి. కొత్త కట్టడంలో కాంక్రీటు చూడ్డానికి ఆరినట్టే ఉంటుంది, లోపల చెమ్మ మిగిలే ఉంటుంది. ఒక అంగుళం మందానికి సుమారు ఒక నెల ఆరనివ్వాలని కట్టుబడి పనివాళ్లు మోటుగా లెక్క వేస్తారు. అంటే నాలుగంగుళాల స్లాబుకు నాలుగు నెలలు, అదీ గాలి పొడిగా ఉంటే. బెంగళూరులో జూన్ నుంచి నైరుతి వానలు, అవి తగ్గేలోపు ఈశాన్యపు వానలు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో జోరు ఎక్కువ. దసరాకో దీపావళికో గృహప్రవేశం పెట్టుకుని ఆ తొందరలో నేల పరిపించుకునేవాళ్లు సరిగ్గా చెమ్మ ఎక్కువున్న రోజుల్లోనే ఆ పని చేస్తున్నారన్నమాట. దీనికి ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న మందపాటి పాలిథీన్ ముక్కను నేలమీద పరిచి, నాలుగంచులూ టేపుతో గాలి దూరకుండా అతికించాలి. కనీసం 16 గంటలు వదిలి విప్పి చూడాలి. ప్లాస్టిక్ అడుగున నీటిబొట్లు కనిపించినా, కాంక్రీటు రంగు ముదిరినా నేల ఇంకా సిద్ధంగా లేదు. ఈ పరీక్ష వినైల్‌కూ వర్తిస్తుంది. చెమ్మ స్లాబు మీద జిగురుతో అతికించిన వినైల్ ఊడి వస్తుంది. జిగురు లేని ఎస్‌పీసీ పలక చెడదు గాని, కింద బూజు వాసన పుడుతుంది. లామినేట్ అయితే పలకే చెడుతుంది. కింది అంతస్తు ఇళ్లలో దీనికి చెదలు కూడా తోడవుతాయి. చెక్క పీచు వాటికి విందుభోజనం, పీవీసీ వాటికి తిండి కాదు.

మూడో దారి ఆకాశం. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. బెంగళూరులో పల్లం ఎక్కడుందో 2022 సెప్టెంబరు 5న అందరికీ తెలిసింది. ఆ తెల్లవారికి ఒక్కరోజులో 131.6 మిల్లీమీటర్ల వాన నమోదైంది. బెళ్లందూరు, యెమలూరు, సర్జాపుర రోడ్డు ప్రాంతాల్లో ఖరీదైన విల్లాల్లోకి కూడా నీళ్లు వచ్చాయి. జనం ట్రాక్టర్లెక్కి, పడవలెక్కి బయటపడ్డారు. చెరువులూ వాననీటి రాజకాలువలూ కుంచించుకుపోయిన చోట వాన వస్తే ఇల్లే చెరువవుతుంది. అలాంటి నీళ్లలో మురుగు కూడా కలుస్తుంది. అప్పుడు ఏ నేలైనా విప్పి కింద శుభ్రం చేయాల్సిందే. వినైల్ వాటర్‌ప్రూఫ్ అన్న మాటకు అర్థం పలక చెడదనే గాని, దాని కిందికి నీళ్లు పోవని కాదు. అయినా తేడా తేడాయే. బిగించిన ఎస్‌పీసీ పలకలను జాగ్రత్తగా విప్పి, కడిగి, ఆరబెట్టి మళ్లీ పరుచుకునే అవకాశం ఉంది. నానిన లామినేట్‌ను చెత్తబండికి ఎక్కించడం తప్ప మార్గం లేదు.

లామినేట్ పక్షాన చెప్పే మాటల్లో బలమైనవి రెండు. ఇప్పుడు నీళ్లను తట్టుకునే లామినేట్ వస్తోంది కదా అన్నది మొదటిది. వస్తోంది. అంచులకు మైనం పూసి, అతుకులు బిగువుగా చేసి, పైన ఒలికిన నీళ్లను ఒకరోజు దాకా ఆపుతుందని హామీ ఇస్తున్నారు. అది పై నుంచి వచ్చే నీళ్లకు చెప్పిన హామీ, దానికీ ఒక గడువుంది. గోడ పక్కన వదిలిన సందులోంచి, స్లాబు కిందినుంచి వచ్చే చెమ్మకు ఆ హామీ లేదు. లోపల ఉన్నది ఇంకా చెక్క పీచే. గీతలు పడవు, గట్టిది అన్నది రెండో మాట. ఇదీ నిజమే. అల్యూమినియం ఆక్సైడ్ పూత వినైల్ పై పొర కంటే గట్టిది. లామినేట్ అరుగుదలను ఏసీ1, ఏసీ2 అంటూ తరగతులుగా కొలుస్తారు. వినైల్‌కు పైనున్న పారదర్శక పొర మందమే ప్రాణం. అది 0.2 మిల్లీమీటర్లయితే త్వరగా అరుగుతుంది, 0.5 అయితే చాలాకాలం ఉంటుంది. అయితే నేలను గీకేది ప్రధానంగా బూట్ల అడుగున వచ్చే ఇసుక, మట్టి. మనం చెప్పులు గుమ్మం బయటే విడుస్తాం. అంటే లామినేట్ పెద్ద సుగుణం మన ఇంట్లో పెద్దగా లేని శత్రువుతో పోరాడుతుంది. దాని పెద్ద బలహీనత మాత్రం మనం రోజూ చేసే పనికి ఎదురుగా నిలబడుతుంది. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూస్తే నా మొగ్గు ఎటో చెప్పక్కర్లేదు.

ఆరోగ్యం సంగతి దాటేసి పోకూడదు. ప్లాస్టిక్ నేల మీద పసిపిల్లల్ని పాకించడమా అని తల్లులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. మెత్తని వినైల్ షీటులో పీవీసీని సాగేలా చేయడానికి థాలేట్లు అనే రసాయనాలు కలుపుతారు. వాటిలో నాలుగింటిని ఇంటి వస్తువుల్లో వాడకుండా యూరోపియన్ యూనియన్ 2020 నుంచి కట్టడి చేసింది. ఎస్‌పీసీ పలక గట్టిది కాబట్టి దాని మధ్యపొరకు ఈ మెత్తబరిచే రసాయనాల అవసరం తక్కువ. థాలేట్లు లేవన్న పరీక్షాపత్రం చూపించమని దుకాణంలో అడగాలి. చవకబారు షీటు జోలికి పోకపోవడం మంచిది. అయితే లామినేట్ చెక్క కాబట్టి అమాయకమని అనుకోకూడదు. ఆ పీచును పట్టి ఉంచే జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ ఆవిరి వెలువడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో ఫార్మాల్డిహైడ్‌ను మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. 2015లో అమెరికాలో ఒక టెలివిజన్ కార్యక్రమం కొన్ని లామినేట్ పలకల్లో ఈ ఆవిరి పరిమితి మించిందని బయటపెడితే పెద్ద దుమారం రేగింది. కాబట్టి లామినేట్ కొనేవాళ్లు ఇ1 గానీ, అంతకంటే మెరుగైన ఇ0 గానీ అని పత్రంలో రాసి ఉందో లేదో చూడాలి. అంటే పత్రం అడగవలసిన బాధ్యత రెండు వైపులా సమానం. ఏది కొన్నా పరిచిన తర్వాత కొన్ని రోజులు కిటికీలు తెరిచి ఉంచితే మంచిది. బెంగళూరు గాలికి ఆ పని సులువే.

వినైల్‌కు నేను పల్లకీ మోయడం లేదు. దాని లోపాలూ తెలిసే కొనాలి. కిందపెట్టిన దీపపు కుందె వేడికి, పడిన అగరొత్తి నిప్పుకు అది మచ్చపడుతుంది. ఆ విషయంలో లామినేట్ పూతే మెరుగు. పూజగదిలో రాయి పలకో ఇత్తడి పళ్లెమో కింద వేసుకోవాలి. రబ్బరు అడుగు ఉన్న కాళ్లపట్టాలు వినైల్ మీద నెలల తరబడి ఉంటే పసుపు మరకలు దిగుతాయి, అవి పోవు. బాల్కనీ అద్దాల వెనక నేరుగా ఎండ పడే చోట పలక వేడెక్కి సాగుతుంది. బెంగళూరు చల్లని ఊరన్న ధీమా ఇక్కడ పనికిరాదు. 2016 ఏప్రిల్ 24న ఈ ఊళ్లోనే 39.2 డిగ్రీలు నమోదైంది. ఆ చోట తెర వేసుకోవాలి, గోడ పక్క సందు వదలాలి. ఇనుప బీరువాను, వంటింటి అల్మరాలను జిగురు లేకుండా విడిగా పరిచిన నేల మీద బిగిస్తే పలకలు కదలలేక అతుకులు విడతాయి. పాత టైళ్ల మీద పలచని వినైల్ వేస్తే కింది టైళ్ల గీతలు నెమ్మదిగా పైకి కనిపిస్తాయి. రెండు మీటర్ల పొడవున మూడు మిల్లీమీటర్లకు మించి ఎత్తుపల్లాలుంటే ముందు నేల సరిచేయించాలి. వంటింటి వెనక గిన్నెలు తోమే యుటిలిటీలో ఈ రెండూ వద్దు. అక్కడ వాలు పెట్టిన టైలే ధర్మం. ఇక లామినేట్‌కు తగిన చోటు ఒకటుంది. పై అంతస్తులో, స్నానాలగదికి ఆనుకోని పడకగది గానీ, పుస్తకాలగది గానీ, తుడిచే పని ఇంటివాళ్ల చేతిలోనే ఉంటే, అక్కడ అది నిశ్చింతగా బతుకుతుంది.

అన్నిటికంటే పెద్ద అభ్యంతరం చివరికి ఉంచాను. అసలీ రెండూ ఎందుకు అన్నది. తాండూరు బండ, కడప నల్లబండ, బేతంచెర్ల బండ తెలుగు నేలలో తరతరాలుగా కాళ్ల కింద ఉన్నాయి. బెంగళూరు వాకిట్లోనే సాదహళ్లి గ్రానైట్ ఉంది. 1898 ప్లేగు తర్వాత పెరిగిన మల్లేశ్వరం, బసవనగుడి పేటల్లో పాత ఇళ్ల ఎర్రని రెడ్ ఆక్సైడ్ గచ్చు ఇప్పటికీ అద్దంలా ఉంటుంది. నీళ్లే తీర్పరి అయితే ఈ రాళ్లూ గచ్చులే గెలవాలి కదా? గెలుస్తాయి, ఒప్పుకుంటాను. ఇల్లు సొంతమై, నేల ఇంకా వేయకపోతే మొదటి ఓటు రాయికే. మంచి రెడ్ ఆక్సైడ్ గచ్చు ఉన్న ఇంట్లో దాని మీద ప్లాస్టిక్ కప్పడం కంటే దాన్ని మెరుగు పట్టించుకోవడమే మర్యాద. కాని అందరి పరిస్థితీ అది కాదు. బిల్డరు వేసిన టైళ్లు నచ్చకపోతే పగలగొట్టడం దుమ్ము, చప్పుడు, ఖర్చు. కింది ఇంటివాళ్లతో తగువు అదనం. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు నేల తవ్వే హక్కే లేదు. ఇచ్చిన అడ్వాన్సులోంచి ఎంత కోస్తారోనన్న భయం వేరే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు డిసెంబరు తెల్లవారుజామున గ్రానైట్ చల్లదనం బాధే. అలాంటి చోట జిగురు లేకుండా పాత నేల మీదే పరిచి, వెళ్లేటప్పుడు విప్పుకుపోగల పలక నిజంగా ఉపకారం చేస్తుంది. ప్రశ్న వినైలా లామినేటా అన్న దగ్గరికి వచ్చేది ఈ ఇళ్లలోనే.

కాబట్టి నా తీర్పు ఇది. హాలుకు, వంటింటికి, పిల్లల గదికి, కింది అంతస్తు మొత్తానికి గట్టి ఎస్‌పీసీ వినైల్, పై పొర 0.5 మిల్లీమీటర్లకు తక్కువ కానిది. పై అంతస్తు పొడి గదికి ఇష్టమైతే లామినేట్. కొనేముందు దుకాణంలో పలక ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. దాన్ని ఒక రాత్రంతా బకెట్టు నీళ్లలో వేసి ఉంచండి. పొద్దున్నే తీసి అంచు మీద వేలితో రాసి చూడండి. మీ ఇంట్లో రోజూ తడిగుడ్డ పట్టే మనిషిని కూడా పిలిచి చూపించండి. ఆవిడ సరేనన్న పలకే పరిపించుకోండి.